బండలు పరిచిన హాలుకు హోమ్ థియేటర్: లక్ష రూపాయల్లో ఏం కొనాలి, ఏం వద్దు

అనంతపురంలో కొత్తగా కట్టుకున్న ఇల్లు. హాలు 12 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. కింద తాడిపత్రి బండలు, పైన ఆర్‌సీసీ స్లాబు. 55 అంగుళాల టీవీ. చేతిలో లక్ష రూపాయలు. ఒక షాపులో 'ఎనిమిది వేల వాట్ల' టవర్ సెట్టు చూపించారు, ఇంకోచోట 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్) ఆంప్లిఫైయర్ అసెంబుల్ చేసిస్తామన్నారు, స్నేహితులేమో సౌండ్‌బార్ చాలన్నారు. ఇప్పుడున్న సెట్టులో పాటలు దద్దరిల్లుతాయి గానీ మాటలు అర్థం కావు. ఇందులో ఏది కొనాలని మీ ప్రశ్న.

ఆ మూడింట్లో ఏదీ మీకు సరిపోదు. ఒక 5.1 ఏవీ రిసీవర్ (టీవీ శబ్దాన్ని చానళ్లుగా విడదీసి స్పీకర్లను నడిపే ఆంప్లిఫైయర్), ముందు పెట్టే రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, వాటి సిరీస్‌లోదే ఒక సెంటర్ స్పీకరు, బాస్ కోసం సొంత ఆంప్లిఫైయర్ ఉన్న 10 అంగుళాల పవర్డ్ సబ్ ఊఫర్ ఒకటి తీసుకోండి. దీన్ని 3.1 అంటారు. వెనక సరౌండ్ స్పీకర్లు ఆర్నెల్ల తర్వాత కొనొచ్చు, రిసీవర్‌లో వాటికి చోటు ఎలాగూ ఉంటుంది. డబ్బు పంపకం సుమారుగా ఇలా ఉండాలి: రిసీవర్‌కు 32 వేలు, ముందు జతకూ సెంటర్‌కూ కలిపి 35 వేలు, సబ్‌కు 20 వేలు, మిగిలిన 13 వేలు వైర్లకు, కరెంటు రక్షణకు, హాలులో వేసే గుడ్డకు. ధరలు మారుతుంటాయి, నిష్పత్తి మాత్రం పట్టుకోండి. ఆ చివరి 13 వేలను మిగుల్చుకుందామని అనుకోవద్దు. మీ మాటల సమస్యలో సగం అక్కడే తీరుతుంది.

ముందు హాలు సంగతి

సోఫా, కర్టెన్లు లేనప్పుడు హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. 'టప్' అన్నాక వెనకే రేకు కొట్టినట్టు 'జిర్‌ర్' అని సాగితే అదే మీ శత్రువు. తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, కడప బండ, ఏది పరిచినా శబ్దాన్ని దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది. పైన స్లాబు, పక్కన సిమెంటు గోడ కూడా అంతే. మాటలో స్పష్టతనిచ్చేది స, ష, త, క లాంటి హల్లులు. అవి పొట్టి శబ్దాలు. ముందు అక్షరం మోత తగ్గకముందే తర్వాతి అక్షరం వచ్చి పడితే చెవికి అంతా ముద్దగా వినిపిస్తుంది. అప్పుడు వాల్యూమ్ పెంచితే మోత కూడా పెరుగుతుంది గానీ మాట తేలదు. అందుకే ఎంత ఖరీదైన స్పీకరు తెచ్చినా ఖాళీ బండల హాలులో అది లౌడ్‌స్పీకరులాగే మోగుతుంది.

దీనికి చేయాల్సినవి కష్టమైనవేం కాదు. టీవీకీ సోఫాకూ మధ్య నేల మీద కనీసం 6 × 9 అడుగుల మందపాటి జంపఖానా వేయండి. పలచనిదైతే కింద పాత బొంత ఒకటి పరవండి. శబ్దాన్ని పీల్చే గుణం రంగులో, రకంలో లేదు, మందంలో ఉంది. కిటికీలకు కిటికీ వెడల్పుకు రెట్టింపు గుడ్డతో మడతలు పడే బరువైన కర్టెన్లు వేసి, గోడకు నాలుగైదు అంగుళాల ఎడంగా రాడ్డు బిగించండి. సోఫా రెగ్జిన్‌ది కాకుండా గుడ్డది అయితే మంచిది.

ఇంకొంచెం ఓపికుంటే పక్క గోడలకు రాక్‌వూల్ పలకలు చేయించుకోండి. 2 అడుగులకు 4 అడుగుల చెక్క ఫ్రేము, అందులో ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత గల 2 అంగుళాల రాక్‌వూల్, పైన గాలి ఆడే గుడ్డ. గుడ్డను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, పోకపోతే ఆ గుడ్డ పనికిరాదు. గోడకూ ఫ్రేముకూ మధ్య 2 అంగుళాల ఖాళీ వదిలితే ఇంకా కింది ఫ్రీక్వెన్సీల దాకా పనిచేస్తుంది. ఎక్కడ బిగించాలో తెలుసుకోవడానికి మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరిని పక్క గోడ మీద అద్దం జరుపుతూ పొమ్మనండి. అద్దంలో మీకు ముందు స్పీకరు కనిపించిన చోటే పలక పెట్టాలి. రాక్‌వూల్ ముట్టుకుంటే దురద పుడుతుంది, పీలిస్తే దగ్గొస్తుంది. మాస్కు, చేతి తొడుగులు లేకుండా కోయకండి.

కోడిగుడ్ల అట్టలు, థర్మాకోల్ అంటించుకోమని ఎవరైనా చెబితే వినకండి. అవి పీల్చేది దాదాపు ఏమీ లేదు, పైగా నిప్పు తొందరగా అంటుకుంటుంది.

వాట్ల లెక్క

'ఎనిమిది వేల వాట్లు' అన్న మాటను మీ ఇంటి సాకెట్టుతోనే పరీక్షించొచ్చు. టీవీ పక్కన ఉండేది 6 ఆంపియర్ల సాకెట్టు. 230 వోల్టులను 6తో గుణిస్తే 1380 వాట్లు. గోడలోంచి అంతకు మించి రానప్పుడు పెట్టెలోంచి ఎనిమిది వేలు ఎక్కడినుంచి వస్తాయి? ఆ అంకెను పీఎంపీఓ అంటారు. దాన్ని కొలవడానికి ఒప్పుకున్న ప్రమాణమంటూ ఏదీ లేదు, కంపెనీకి తోచినంత వేసుకోవచ్చు. పెట్టె వెనక ప్లేటు మీద 'పవర్ కన్సంప్షన్' అని ఉంటుంది, అది చదవండి. అక్కడ 80 వాట్లని ఉంటే స్పీకర్లకు చేరేది అంతకు లోపే. పాటలో దరువు పడ్డ క్షణంలో కాస్త ఎక్కువ ఇవ్వగలదేమో గానీ వందరెట్లు ఇవ్వలేదు.

పేరున్న రిసీవర్ల అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి. డబ్బా మీద పెద్దక్షరాల్లో 130, 150 వాట్లని ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో '6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, ఒక చానల్' అని రాసి ఉంటుంది. అంటే ఒకే ఒక్క స్పీకరును, ఒకే ఒక్క స్వరంతో నడిపినప్పటి అంకె అది. (ఓమ్‌లు అంటే స్పీకరు కరెంటుకు ఇచ్చే అడ్డు.) మీరు చూడాల్సింది '8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు చానళ్లు, డిస్టార్షన్ 0.1 శాతం లోపు' అన్న వరుసను. ఎంట్రీ లెవెల్ రిసీవర్లలో అక్కడ 70, 80 వాట్లు ఉంటాయి. మీ హాలుకు అది పుష్కలంగా చాలు. ఎందుకో లెక్క చూడండి.

స్పీకరు వివరాల్లో 'సెన్సిటివిటీ 87 డెసిబెల్' అని ఉందనుకుందాం. అంటే 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెళ్లు. మీరు కూర్చునే 10 అడుగుల దగ్గరికి వచ్చేసరికి, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దాన్నీ రెండో స్పీకరునూ కలుపుకుంటే సుమారు 80. ఇక ప్రతి 10 డెసిబెళ్లకూ పదింతల వాట్లు కావాలి. 10 వాట్లకు 90, 100 వాట్లకు 100. ఇంట్లో సినిమా గట్టిగా పెట్టుకున్నా యుద్ధాల్లో, పేలుళ్లలో క్షణకాలం 95 దాకా వెళ్తుంది. దానికి 32 వాట్లు చాలు. అదే 90 డెసిబెళ్ల స్పీకరైతే సగం, 16 వాట్లు. సెన్సిటివిటీ 3 డెసిబెళ్లు పెరిగితే ఆంప్లిఫైయర్ రెట్టింపైనట్టే. కాబట్టి 82, 83 ఉన్న చిన్న స్పీకర్లు ఎంత ముద్దుగా ఉన్నా ఎంట్రీ లెవెల్ రిసీవర్‌కు తగిలించొద్దు. 87 నుంచి 91 మధ్య, 6 లేదా 8 ఓమ్‌లవి వెతకండి. 4 ఓమ్‌ల స్పీకర్లు రిసీవర్‌ను వేడెక్కిస్తాయి. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు ఉండే మన ఊళ్లలో ఆ వేడికి రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది.

అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్ ఎందుకు వద్దంటున్నానంటే

పాటలకు, ఫంక్షన్లకు అసెంబుల్డ్ సెట్టు చెడ్డదని నేను అనను. మంచి చేయి పడితే అదే డబ్బుకు గట్టి సెట్టు వస్తుంది. కానీ మీకు కావాల్సింది సినిమా, అందులోనూ మాట. అసెంబుల్డ్ '5.1'లో చాలావాటికి డాల్బీ డీకోడర్ (5.1 శబ్దాన్ని విడి చానళ్లుగా తీసే బోర్డు) ఉండదు. లోపలికి వచ్చేది రెండు చానళ్ల స్టీరియోనే. ఎడమ, కుడి రెండూ కలిపేసి సెంటర్ అంటారు, రెంటి తేడాను తీసి సరౌండ్ అంటారు. అప్పుడు నేపథ్య సంగీతం కూడా సెంటర్‌లోకి వచ్చి మాట మీద కూర్చుంటుంది. అసలు 5.1లో మాట విడిగా తన చానల్లో వస్తుంది, దాన్ని ఒక్కదాన్నే పెంచుకోవచ్చు. మీ సమస్యకు మందు అదే.

అయినా అటే వెళ్లాలనుకుంటే ఇవి అడగండి. ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉన్న డాల్బీ, డీటీఎస్ డీకోడర్ బోర్డు వేయమనండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎంతదో అడగండి: 24-0-24, 5 ఆంపియర్లు అంటే 48ని 5తో గుణించి 240 వీఏ. ఆరు చానళ్లకూ కలిపి అందులోంచి నిజంగా వచ్చేది 150 వాట్ల చుట్టూ ఉంటుంది, పైన ఏ అంకె రాసినా సరే. ఆంప్లిఫైయర్లలో వాడే 5200, 1943 ట్రాన్సిస్టర్లు, ఎస్‌టీకే ఐసీలు మార్కెట్లో నకిలీవే ఎక్కువ దొరుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యం స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు. అది లేకుండా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే సప్లై డీసీ నేరుగా ఊఫర్‌కు వెళ్లి కాయిల్‌ను కాల్చేస్తుంది. సెట్టు చేతికి రాగానే వాల్యూమ్ సున్నాలో ఉంచి స్పీకరు టెర్మినళ్ల మధ్య మల్టీమీటరుతో డీసీ చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. అంతకు మించితే స్పీకర్లు తగిలించకుండా వెనక్కివ్వండి.

సౌండ్‌బార్ ఎప్పుడు సరైనది

అద్దె ఇల్లయితే, వైర్లు లాగడానికి వీల్లేకపోతే, హాలు 10 × 10 అయితే సౌండ్‌బారే తీసుకోండి. అదీ విడి సబ్, వెనక స్పీకర్లు ఉన్న 5.1 బార్. మీది సొంతిల్లు, పెద్ద హాలు. బార్‌లో ఒక భాగం పోతే మొత్తం పక్కన పెట్టాల్సిందే. విడి స్పీకర్లు పదిహేనేళ్లు ఉంటాయి, రిసీవర్ మార్చుకున్నా అవి పనికొస్తాయి.

స్పీకర్లను ఎంచుకోవడం

సబ్ ఊఫర్ పెట్టుకుంటున్నప్పుడు టవర్లు అక్కర్లేదు. 80 హెర్ట్జ్ కిందిదంతా సబ్ చూసుకుంటుంది. 5 నుంచి 6.5 అంగుళాల ఊఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ జత 60 హెర్ట్జ్ దాకా దిగితే చాలు. వివరాల్లో '60 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్' అని ఉండాలి. ఆ ప్లస్ మైనస్ రాయని అంకెకు విలువ లేదు. టవర్లకు పెట్టే డబ్బు సెంటర్ మీద, సబ్ మీద పెట్టండి.

ఊఫర్ అంచుకు ఫోమ్ కాకుండా రబ్బరు ఉన్నది తీసుకోండి. మన ఎండకు, దుమ్ముకు ఫోమ్ కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది.

సెంటర్ విషయంలో పొదుపు వద్దు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ అందులోంచే వస్తాయి. ముందు జత ఏ కంపెనీ ఏ సిరీసో సెంటర్ కూడా అదే సిరీస్ కావాలి. లేకపోతే నటుడు తెర మీద ఎడమ నుంచి కుడికి నడిచినప్పుడు గొంతు రంగు మారిపోతుంది. ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పు ఏమిటంటే సెంటర్‌ను టీవీ యూనిట్ గూట్లోకి తోసేయడం. గూడు దానికి కుండ అవుతుంది, మాట అందులోనే గుయ్యిమని తిరుగుతుంది. స్పీకరు ముఖం గూటి అంచుకు సమానంగా, ఇంకా చెప్పాలంటే అర అంగుళం బయటికి రావాలి. కింద ఉంటే ముందు భాగాన్ని రబ్బరు ముక్కలతో ఎత్తి, ట్వీటరు (సన్న శబ్దాలిచ్చే చిన్న స్పీకరు) మీ చెవి వైపు చూసేలా వంచండి. కడప బండతో చేసిన అర అయితే బరువుకు బాగుంటుంది గానీ స్పీకరు కింద రబ్బరు తప్పక ఉండాలి.

కొనేముందు చెవితో వినాలి. మీకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్, కడప వాళ్లకు చెన్నై దగ్గర. డెమో గది ఉన్న షాపుకు వెళ్లి, మీకు బాగా తెలిసిన రెండు పాటలు, మాటలు ఎక్కువున్న ఒక సన్నివేశం పెట్టించుకోండి. పోల్చేటప్పుడు రెండు స్పీకర్ల శబ్దం ఒకే స్థాయిలో ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది చెవికి 'బాగున్నట్టు' అనిపిస్తుంది. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని సమానం చేయించండి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, చెన్నై రిచ్చీ స్ట్రీట్, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ వైర్లకు, కనెక్టర్లకు, బోర్డులకు మంచివి. రిసీవర్ మాత్రం బిల్లు, ఇండియా వారంటీ ఉన్నచోటే కొనండి.

అమెరికా నుంచి బంధువులు తెస్తామంటే స్పీకర్లు తెప్పించుకోండి, రిసీవరూ పవర్డ్ సబ్బూ వద్దు. అవి అక్కడి 120 వోల్టులవి. పొరపాటున మన సాకెట్టులో పెడితే క్షణంలో కాలిపోతాయి. మామూలు స్పీకర్లకు కరెంటు ప్లగ్గే ఉండదు కాబట్టి ఆ భయం లేదు.

ఎక్కడ పెట్టాలి

టీవీ 12 అడుగుల గోడకు ఉండాలి. సోఫా టీవీ గోడ నుంచి పదిన్నర అడుగుల్లో, అంటే వెనక గోడకు ఆరున్నర అడుగుల ముందు. ముందు స్పీకర్లు రెంటి మధ్య 8 అడుగులు, కొంచెం మీ వైపు తిప్పి. ట్వీటర్లు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో, నేల నుంచి 36–40 అంగుళాలు. వెనక పోర్టు (గాలి రంధ్రం) ఉన్నవైతే గోడకు కనీసం 8 అంగుళాల ఎడం. తర్వాత కొనే సరౌండ్లు మీకు పక్కగా, కాస్త వెనకగా, 100–110 డిగ్రీల కోణంలో, చెవికి ఒకటి రెండు అడుగుల పైన. సోఫా వెనక గోడకు ఆనించక తప్పని ఇళ్లలో సరౌండ్లను పక్క గోడలకే పెట్టాలి. వెనక గోడకు కొట్టి తల మీద మోగించొద్దు.

సోఫా ఆరున్నర అడుగుల ముందుకు ఎందుకంటే, బాస్ శబ్దం గోడకూ గోడకూ మధ్య అలలాగా కొట్టుకుంటుంది. శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు వెళ్తుంది. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ స్వరానికి మోగుతుందో తెలుస్తుంది. మీ 17 అడుగులకు 33 హెర్ట్జ్, 12 అడుగులకు 47, 10 అడుగుల ఎత్తుకు 56. ఆ అల గదికి సరిగ్గా మధ్యలో మాయమవుతుంది, గోడ దగ్గర రెట్టింపవుతుంది. అందుకే సోఫా నట్టనడుమ ఉండకూడదు, గోడకు ఆనుకుని ఉండకూడదు. మూడు సీట్ల సోఫాలో మధ్యన కూర్చున్నవాళ్లకు 47 దగ్గర బాస్ తగ్గి, చివరి సీట్ల వాళ్లకు గుమ్మనేది కూడా ఇందువల్లే. ఆంప్లిఫైయర్‌ను తిట్టి లాభం లేదు. ఇది చదివే వేరేవాళ్ల హాలు 12 × 12 చదరమైతే రెండు దిక్కులా 47 మీదే మోత పడుతుంది. అలాంటి గదికి పెద్ద సబ్ ఒకటి కంటే చిన్నవి రెండు, ఎదురెదురు గోడల మధ్యలో పెడితే బాగా సర్దుకుంటుంది.

సబ్‌కు చోటు వెతకడానికి ఒక పాత పద్ధతి ఉంది. సబ్‌ను సోఫా మీద మీరు కూర్చునే చోట పెట్టి, బాస్ స్వరాలు నిలకడగా సాగే పాట ఒకటి తిప్పి తిప్పి వేయండి. మీరు గోడల వెంట నేల మీద పాకుతూ వినండి. ఎక్కడ ప్రతి బాస్ స్వరం సమానంగా, బిగువుగా వినిపిస్తుందో అదే సబ్‌కు చోటు. మూలలో పెడితే బిగ్గరగా ఉంటుంది గానీ బండల హాలులో అది చాలాసార్లు గుమ్ముగానే మిగులుతుంది. సబ్ వెనక క్రాస్ఓవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కిందిది సబ్‌కు పోవాలో తేల్చేది) నాబ్‌ను గరిష్ఠానికి లేదా ఎల్‌ఎఫ్ఈ అని రాసిన చోటికి, వాల్యూమ్‌ను సగానికి పెట్టి వదిలేయండి, మిగతాది రిసీవర్ చూసుకుంటుంది.

వైర్లు, టీవీ కనెక్షన్

స్పీకరు వైరుకు వేలు పోయనక్కర్లేదు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు, ఎరుపు ఒకటి నలుపు ఒకటి, 10 మీటర్ల దాకా చక్కగా సరిపోతుంది. అంతకు మించితే 2.5 వేయండి. షాపులో చవగ్గా మెరిసే పారదర్శక వైరులో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. కత్తితో గీరి చూస్తే లోపల తెల్లగా కనబడుతుంది. గోడలో లాగితే కరెంటు పైపులో కలపొద్దు. వేరే పైపు, పక్కపక్కనే పోతే అడుగు ఎడం. హెచ్‌డీఎంఐ తల పట్టడానికి ఇంచున్నర పైపు వేయండి. ఎర్ర టెర్మినల్ ఎర్రదానికే పోవాలి. ఒక్క స్పీకరు తిరగబడినా బాస్ మాయమవుతుంది, గొంతు మధ్యలో నిలవదు.

టీవీ నుంచి రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ ఆర్క్ లేదా ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు పంపేది) పోర్టునే వాడండి. ఓటీటీ యాప్‌ల 5.1, ఆట్మాస్ (తల పైనుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి) డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తాయి కాబట్టి వాటికి ఆర్క్ చాలు. బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ టీవీ మీదుగా పోవాలంటేనే ఈఆర్క్ కావాలి. ఆప్టికల్ కేబుల్‌లో మామూలు డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 వరకే వెళ్తాయి. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను 'పీసీఎం' నుంచి 'ఆటో' లేదా 'పాస్‌త్రూ'కు మార్చండి. ఇది మార్చక, లక్ష పోసి స్టీరియో వింటున్న ఇళ్లు ఎన్నో.

ఆట్మాస్ ఇప్పుడే వద్దు. తర్వాత కావాలంటే పై చానళ్లున్న రిసీవర్ కావాలి గానీ, పైకి కొట్టే స్పీకర్లకు మీ చదునైన 10 అడుగుల స్లాబు బాగా పనికొస్తుంది. దూలాలు, దంతెలు ఉన్న పాత మిద్దెల్లో, మెట్లుమెట్లుగా ఫాల్స్ సీలింగ్ చేసిన హాళ్లలో శబ్దం చెదిరిపోతుంది.

కరెంటు, వేడి

రిసీవర్‌ను చంపేది ఎక్కువగా వోల్టేజే. వీధిలో న్యూట్రల్ తెగితే సాకెట్టులోకి 400 వోల్టుల దాకా రావచ్చు. మామూలు స్పైక్ బస్టర్ దాన్ని ఆపలేదు, అది క్షణకాలపు పోటుకే. 270 దాటితే కట్ చేసే వోల్టేజ్ ప్రొటెక్టర్ లేదా హై కటాఫ్ ఉన్న 1 కేవీఏ స్టెబిలైజర్ పెట్టండి. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు కేబుల్ టీవీ, డిష్ వైరు కూడా పీకాలి. పిడుగు పోటు అటునుంచి కూడా వస్తుంది. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే కరెంటు పోయినప్పుడు రిసీవర్ ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది. దాని మీద నడపొద్దు, ప్యూర్ సైన్ వేవ్‌ది అయితే ఫర్వాలేదు.

సబ్‌లోంచి ఎడతెగని హమ్ వస్తే ముందు కేబుల్ టీవీ వైరును సెట్‌టాప్ బాక్సు నుంచి పీకి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి హమ్ రావడం) అదే. ఆ వైరుకు ఐసొలేటర్ పెట్టాలి. ప్లగ్గు మూడో పిన్ను కోసేయమని సలహా ఇస్తారు, హమ్ ఆగొచ్చు గానీ షాక్ కొడితే ప్రాణం మీదికొస్తుంది. ఆ పని చేయొద్దు. ఎర్తింగ్ గుంటకు ఎండాకాలం వారానికోసారి నీళ్లు పోయండి, ఎర్ర గరప నేల ఎండిపోతే ఎర్త్ పేరుకే మిగులుతుంది. సాకెట్టులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజ్ చూస్తే 2, 3 వోల్టుల లోపు ఉండాలి.

రిసీవర్ పైన 6 అంగుళాల ఖాళీ వదలండి, తలుపులున్న అల్మరాలో పెట్టొద్దు, మీద సెట్‌టాప్ బాక్సు ఎక్కించొద్దు. ఎయిర్ కూలర్ గాలి నేరుగా స్పీకర్లకు తగలకూడదు. ఆ తేమకు ఎండీఎఫ్ పెట్టె ఉబ్బుతుంది, కాగితపు కోన్ మెత్తబడుతుంది. కూలర్ మోత కూడా మాటల్ని మింగేస్తుంది, దాన్ని టీవీకి దూరంగా కిటికీ బయట బిగిస్తే సగం మేలు. సబ్ పోర్టుకు సన్న జాలీ కట్టండి. బల్లి లోపలి బోర్డు మీద పడితే షార్టవుతుంది.

చివరి సెట్టింగులు

రిసీవర్‌తో మైకు వస్తుంది. డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపావో అంటారు. మైకును చేత్తో పట్టుకోకుండా, సోఫా వీపు మీద ఆనించకుండా స్టాండు మీద చెవి ఎత్తులో పెట్టండి. ఫ్యాన్లు, కూలరు, ఫ్రిజ్ ఆపి, రాత్రి వీధి సద్దుమణిగాక నడపండి. అయ్యాక మూడు విషయాలు మీరే సరిచూడాలి. స్పీకర్లను 'లార్జ్' అని పెట్టి ఉంటే 'స్మాల్' చేసి క్రాస్ఓవర్ 80 హెర్ట్జ్ ఇవ్వండి. సబ్ దూరం టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపిస్తే మార్చొద్దు, సబ్ లోపలి ఆలస్యాన్ని కలిపి లెక్కేసిన అంకె అది. సెంటర్ లెవెల్‌ను 2 నుంచి 3 డెసిబెళ్లు పెంచండి. తెలుగు సినిమాల్లో నేపథ్య సంగీతం బిగ్గరగా కలుపుతారు కాబట్టి మన ఇళ్లలో ఈ పెంపు దాదాపు ఎప్పుడూ కావాలి. రాత్రిళ్లు డైనమిక్ రేంజ్ కంప్రెషన్ లేదా నైట్ మోడ్ వేసుకుంటే పేలుళ్లు తగ్గి మాటలు పైకొస్తాయి, పక్కింటివాళ్లూ నిద్రపోతారు.

మీ హాలు నుంచి వంటింటికీ మేడమెట్లకూ తలుపు ఉందో, తెరిచే ఉంటుందో రాయలేదు. పూర్తిగా తెరిచే ఉండేటట్టయితే బాస్‌కు ఆ చోటు కూడా హాలులో భాగమే, 10 అంగుళాల సబ్ చాలదు, 12 అంగుళాల పోర్టెడ్ సబ్ చూడాల్సి వస్తుంది. ఆ కొలతలు, సోఫా ఎటువైపు వేయగలరో చెప్పండి, సబ్ ఎంపిక దాన్నిబట్టి తేలుద్దాం.